అశ్వశాస్త్రములందలి ఆహారవిధి : ఒక విమర్శ

తెలుగు వాఙ్మయమున అశ్వమునకు గల స్థానము చిన్నది కాదు. భారతమున నకులుడు దామగ్రంథియను పేర విరటుని కొలువున గుఱ్ఱములను కాచెను. మనుమంచి భట్టు అశ్వమునే వస్తువుగా గొని హయలక్షణ విలాసమును రచించెను. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి ఘట్టమున, దూరదేశములనుండి ఏనుగులను గుఱ్ఱములను తెచ్చు వర్తకులను ఆదరించి ఆ సరకు శత్రువుల కందకుండ చూచుకొనవలెనని బోధించెను. నకులుని పేర నున్న సంస్కృత అశ్వశాస్త్రమును తంజావూరు సరస్వతీ మహలు గ్రంథాలయము వర్ణచిత్రములతో 1952లో ప్రకటించినది. గుఱ్ఱపు రంగు, సుడులు, నడకలు, దంతములనుబట్టి వయోనిర్ణయము మున్నగు విషయములపై ఈ సంప్రదాయము చేసిన కృషి విపులమైనది.

అయినను గుఱ్ఱము కొన్నవాడు ప్రతిదినము ఎదుర్కొను ప్రశ్న సుడులను గూర్చినది కాదు. ఈ పూట దీనికి ఏమి పెట్టవలెను, ఎంత పెట్టవలెను అనునది. ఈ ప్రశ్నకు పూర్వులు చెప్పిన సమాధానమును నేడు ఉదాహరించువారు సాధారణముగా ఒకే తీరున ఉదాహరింతురు. నేయి, మాంసరసము, పెరుగు, పంచదార, మద్యము — ఇట్టి విలువగల పదార్థముల పట్టిక నొకదానిని చదివి, పూర్వరాజులు గుఱ్ఱములను ఎంత వైభవముగా పోషించిరోయని కొనియాడి ముగింతురు. ఆ పట్టికకు క్రిందనే గడ్డినిగూర్చిన వాక్య మొకటి ఉన్నదని వారు గమనింపరు. ఈ ఉపేక్షవలన గ్రంథమునకు అపార్థము, గుఱ్ఱమునకు అపాయము కలుగుచున్నవి. ప్రాచీనుల ఆహారవిధిలో నిలుచునది ఆ పదార్థముల పట్టిక కాదనియు, దానివెనుక నున్న కొలతయు, పనికి వయస్సునకు ఋతువునకు తగిన మార్పును, అన్నిటికి ఆధారమైన గడ్డియు ననియు నిరూపించుటయే ఈ వ్యాసమున చేయదలచిన పని.

గీటురాయి : గుఱ్ఱపు కడుపు

ఏ శాస్త్రవిధినైనను పరీక్షించుటకు ఒక గీటురాయి కావలెను. ఆహారవిషయమున ఆ గీటురాయి గుఱ్ఱపు కడుపే. ఆవువలె గుఱ్ఱము కూడ గడ్డి మేయును గాని, నెమరు వేయదు. దాని జీర్ణకోశము శరీరమునుబట్టి చూడగా మిక్కిలి చిన్నది. 8 మొదలు 15 లీటర్లకు మించి పట్టదు. అది కొంచెము కొంచెముగా రోజులో అధికభాగము మేయుటకు ఏర్పడిన జంతువు. ఒక్కసారి మ్రింగినదానిని వాంతిచేసుకొనలేదు. కావున కడుపు పట్టరాని తిండి తినినచో అది లోపలనే ఉబ్బి ప్రాణాపాయము కలిగించును.

గింజలలోని పిండిపదార్థము చిన్నప్రేగులో జీర్ణమగును. గడ్డిలోని పీచు అక్కడ జీర్ణము కాదు. అది వెనుకనున్న ఉండుకమునకును పెద్దప్రేగునకును పోయి, అచ్చటి సూక్ష్మజీవులచే పులిసి, గుఱ్ఱమునకు శక్తి నిచ్చును. ఈ వెనుకటి భాగమే దాని అసలైన వంటయిల్లు. ఒకే పూట గింజలు మితిమీరి పెట్టినచో చిన్నప్రేగు వానిని పూర్తిగా జీర్ణింపలేదు. మిగిలిన పిండి ఉండుకమునకు జారి అక్కడ తీవ్రముగా పులిసి ఆమ్లమగును. పీచును జీర్ణించు జీవులు నశించును. కడుపుశూల పుట్టును, పలుమారు గిట్టలలోపల వాపు కలిగి గుఱ్ఱము నిలువలేని స్థితికి వచ్చును. కావున నేటి పోషణశాస్త్రము మూడు హద్దులు గీచినది. దినమునకు తినవలసిన మేత, తేమ తీసివేసిన లెక్కలో, శరీరభారమున నూటికి రెండు మొదలు రెండున్నర పాళ్లు. అందు నూటికి ఒకటిన్నర పాలు గడ్డియే కావలెను. ఎట్టి పరిస్థితిలోను ఒక పాలునకు తగ్గరాదు. ఒక పూట పెట్టు పిండిపదార్థము శరీరభారమున ప్రతి కిలోకు రెండు గ్రాములు దాటరాదు. ఒక గ్రాముతో ఆగుట మేలు.

400 కిలోల గుఱ్ఱమునకు ఈ లెక్క వర్తింపజేసినచో పూటకు 800 గ్రాముల పిండిపదార్థము గరిష్ఠసీమ. అనగా సుమారు కిలోన్నర యవలు. బియ్యములో పిండి మరింత అధికము కనుక కొలత ఇంకను తగ్గవలెను. ఈ గీటురాయిని చేతబట్టుకొని ప్రాచీనుల లెక్కలను చూడవలసియున్నది.

కౌటిల్యుని లెక్క

ఆహారము నింత వివరముగా అంకెలతో చెప్పిన ప్రాచీన గ్రంథములలో కౌటిలీయార్థశాస్త్రము ముఖ్యమైనది. ఈ గ్రంథపు వ్రాతప్రతి తంజావూరు మండలమునుండి మైసూరు ప్రాచ్యగ్రంథాలయమునకు చేరగా, ఆర్. శామశాస్త్రి 1909లో దానిని ప్రకటించెను. ద్వితీయాధికరణమున అశ్వాధ్యక్ష ప్రకరణమున ఉత్తమాశ్వమునకు దినవెచ్చము ఇట్లు చెప్పబడినది : వరియో, యవలో, కొఱ్ఱలో సగము ఎండినవిగాని సగము ఉడికినవిగాని రెండు ద్రోణములు, లేదా ఉడికించిన పెసలు, మినుములు, నేయి నూనెల వంటి స్నేహద్రవ్యము ఒక ప్రస్థము, ఉప్పు ఐదు పలములు, మాంసము ఏబది పలములు, ముద్ద తడుపుటకు మాంసరసము ఒక ఆఢకము, లేదా పెరుగు రెండాఢకములు, పిమ్మట త్రాగుటకు ఐదు పలముల తీపితో ఒక ప్రస్థము మద్యము, లేదా రెండు ప్రస్థముల పాలు.

పలము సుమారు 37 గ్రాములని పలువురు లెక్కింతురు. మినుములు 200 పలములు పట్టు కొలత ఒక ద్రోణము. రాజ్యపు రాబడికి వాడు ద్రోణ మిదియే. భృత్యులకు కొలుచు ద్రోణము 175 పలములు మాత్రమే. పెద్ద ద్రోణమునే గ్రహించినచో రెండు ద్రోణములు సుమారు 15 కిలోలగును. ఇది వినగానే నేటి పశువైద్యుడు ఉలికిపడును. కాని విధిలో సగము ఉడికినవియను మాట కలదు. అట్టి గింజలో సగముమట్టుకు నీరే ఉండవచ్చును. ఆ పక్షమున పొడి గింజ ఏడు కిలోలకు దిగును. ఇదియు తక్కువ కాదు. నేడు పందెపు గుఱ్ఱములకు కఠినశిక్షణకాలమున పెట్టు దాణాకు సమానము. పూర్తిగా ఎండినవి పెట్టినచో మాత్రము ఆ కొలత గుఱ్ఱమునకు చేటు. వచ్చిన చిక్కేమనగా గ్రంథము ఏ కొలత ఏ రూపమునకు వర్తించునో తేల్చి చెప్పలేదు. వ్యాఖ్యానించువారు వండిన కొలతను ఎండుగింజకు అంటగట్టరాదు.

మిగిలిన అంశములలో మెచ్చదగినవి కొన్ని, విడువదగినవి కొన్ని కలవు. స్నేహద్రవ్యము ప్రస్థమనగా సుమారు 460 గ్రాములు. గుఱ్ఱమునకు పిత్తాశయము లేకపోయినను, మెల్లమెల్లగా అలవాటుచేసినచో క్రొవ్వును చక్కగా జీర్ణించుకొనునని నేటి శాస్త్రము కనుగొన్నది; 400 కిలోల గుఱ్ఱమునకు 400 గ్రాములు హద్దుగా నుంచుట వాడుక. కావున ప్రాచీనుల కొలత హద్దునకు కొంచెము పైగా నున్నను అసంబద్ధము కాదు. ఉప్పు ఐదు పలములనగా 185 గ్రాములు; ఊరకనున్న గుఱ్ఱమునకు 20 గ్రాములు చాలును, మిక్కిలి చెమటోడ్చుదానికి 80 గ్రాములు కావలెను. పుష్కలముగా నీరు త్రాగనిచ్చినచో ఎక్కువైన ఉప్పు మూత్రమున పోవును గాని, నీటికఱవున ఇది హానికరమే. మాంసము గుఱ్ఱపు ప్రేగుల నిర్మాణమునకు సహజమైనది కాదు. పప్పుధాన్యములవలన లభించు మాంసకృత్తులు చాలియుండగా అది అనావశ్యకము. ఎదిగిన గుఱ్ఱమునకు పాలలోని చక్కెరను జీర్ణించు శక్తి మూడేండ్ల తరువాత సన్నగిల్లును. కావున పాలకంటె పెరుగే మేలైన వికల్పము.

ఇంతవరకు వచ్చి ఆగువారే అధికులు. కాని ప్రకరణము ఆగలేదు. యవసము, అనగా పచ్చిమేత, అర్ధభారము. తృణము దానికి రెట్టింపు. లేదా ఆఱు మూరల చుట్టుకొలత గల మోపు అని తరువాతి విధి. భారమనగా ఇరువది తులములు, తులమనగా నూఱు పలములు. కావున అర్ధభారము వేయి పలములు, సుమారు 37 కిలోలు. పచ్చిమేతలో తేమ పోగా మిగులునది నాలుగవ పాలో ఐదవ పాలో మాత్రమే. అనగా ఏడున్నర మొదలు తొమ్మిది కిలోలు. 400 కిలోల గుఱ్ఱపు భారమున ఇది నూటికి రెండు పాళ్లకు దగ్గఱ! ఆధునికులు కొలిచి గీచిన హద్దునకును ఈ కొలతకును ఇంత సామ్యముండుట గమనింపదగినది. తృణము రెట్టింపని చెప్పినది యవసమునకు అదనముగా గ్రహించినచో దినమునకు నూఱు కిలోలు దాటును. ఏ గుఱ్ఱమును తినజాలదు. కావున ఆ రెండును వికల్పములని గ్రహించుటయు, రెట్టింపు తృణమున త్రొక్కుడుపడి పోవునదియు పడకకు పరచునదియు చేరియున్నవని ఊహించుటయు యుక్తము. పదములకు అర్థము నిఘంటువున వెదకి దొరకనప్పుడు గుఱ్ఱపు కడుపును అడుగుట వ్యాఖ్యాతకు తప్పు కాదు.

పిల్లల విషయమున ఈ గ్రంథకర్త చూపిన లెక్క మరింత నిశితమైనది. పుట్టిన పది రాత్రులకు పైన, ఆఱు నెలలవరకు నాలుగవ పాలు నేయి కలిపిన పేలపిండి ఒక కుడుబమును, పాలు ఒక ప్రస్థమును. ఆపై యవలు ఒక ప్రస్థము, నెలనెలకు సగము పెంచుచు మూడేండ్లవరకు. అటుపైన నాలుగేండ్లవరకు ద్రోణము. సగమనగా అర్ధప్రస్థమని గ్రహించి కూడి చూచినచో ఒక విశేషము బయటపడును. ఆఱు నెలలనుండి మూడేండ్లవరకు ముప్పది నెలలు. నెలకు అర్ధప్రస్థము చొప్పున పెరుగుదల పదునైదు ప్రస్థములు. మొదటి ప్రస్థముతో కలిసి పదునాఱు. పదునాఱు ప్రస్థములే ఒక ద్రోణము! అనగా ఈ అంకెలు తోచినట్లు వ్రాసినవి కావు. ఆరంభమునకు అంతమునకు పొంతన కుదిర్చి, మేతలో హఠాత్తుగా మార్పు రాకుండ మెట్లు కట్టినవి. ప్రేగులలోని సూక్ష్మజీవులకు క్రొత్త తిండి అలవడుటకు వ్యవధి కావలెనని నేడు చెప్పుచున్నారు. ఆ కారణ మెఱుగకున్నను ఆ ఫలమును అనుభవమున ఎఱిగినవాడే ఇట్టి మెట్లు కట్టగలడు.

అయితే ఇదే గ్రంథమున ఒక పెద్ద లోపము కలదు. ఆడుగుఱ్ఱములకు వెచ్చము పాదహీనముగా, అనగా నాలుగవ వంతు తక్కువగా, విధింపబడినది. ఈనిన గుఱ్ఱమునకు మూడు రాత్రులు ప్రస్థము నేయి, తరువాత పది రాత్రులు పేలపిండి, స్నేహము, ఔషధము చెప్పబడినవి, అటుపిమ్మట సాధారణాహారమే. నిజమునకు పాలిచ్చు మొదటి నెలలో ఆడుగుఱ్ఱమునకు కావలసిన శక్తి ఊరకనున్న గుఱ్ఱమునకు కావలసినదానికి రెట్టింపునకు సమీపించును : 500 కిలోల గుఱ్ఱమునకు దినమునకు 16.7 మెగాకెలరీలు చాలుచుండగా, పాలిచ్చుదానికి 31.7 కావలెను. సైన్యమునకు మోయు గుఱ్ఱమునే ప్రధానముగా చూచిన దృష్టి తల్లిగుఱ్ఱమును మఱచినది. పూర్వులను గౌరవించుట యనగా ఈ లోపమును దాచుట కాదు.

ఇంకొక చిన్న వాక్యము పెద్ద విషయమును తెలుపుచున్నది. దాణా వండువానికి, గుఱ్ఱము పట్టువానికి, వైద్యునికి ఆ ఆహారమున భాగము కలదని గ్రంథము చెప్పును. అనగా గుఱ్ఱపు పేర వ్రాసిన పట్టిక మొత్తము గుఱ్ఱపు కడుపునకే పోయినదని నమ్మనక్కఱలేదు. చివరకు వైద్యునికి విధించిన ధర్మము ఈ ప్రకరణమునకు హృదయము : శరీరము చిక్కుటకును బలియుటకును ప్రతీకారమును, ఋతువులనుబట్టి విభజించిన ఆహారమును అతడు చూడవలెను. పట్టిక ఎంత గొప్పదైనను, ప్రక్కటెముకలపై చేయివేసి చూచి దానిని హెచ్చుతగ్గులు చేయవలెననియే దీని తాత్పర్యము. 1983లో హెన్నెకీ మున్నగువారు గుఱ్ఱపు పుష్టిని ఒకటినుండి తొమ్మిదివరకు కొలుచు పద్ధతిని ఏర్పఱచినది ఈ ప్రయోజనముకొఱకే.

మాబరు తీరమున గుఱ్ఱముల మరణము

విధి ఇట్లుండగా ఆచరణ ఎట్లుండెడిదో విదేశీయుల వ్రాతలు కొంత తెలుపుచున్నవి. 13వ శతాబ్ది చివర దక్షిణతీరమును చూచిన మార్కో పోలో, నేటి తమిళదేశపు తీరమైన మాబరులో రాజులు ఏటేట వేలకొలది గుఱ్ఱములను విపరీతమైన వెలకు కొందురనియు, ఏడాది తిరుగునప్పటికి వానిలో నూఱైనను మిగులవనియు వ్రాసెను. ఉడికించిన మాంసముతో కూడిన అన్నము పెట్టుటయు, గుఱ్ఱపు వైద్యులు లేకపోవుటయు ఆతడు చెప్పిన కారణములు. పారసీక చరిత్రకారుడు వస్సాఫు కూడ, పచ్చి యవలకు బదులు వేచిన యవలను, వెన్నతో వండిన గింజలను పెట్టి, కాచిన ఆవుపాలు త్రాగింతురని ఆశ్చర్యము వెలిబుచ్చెను.

ఈ సాక్ష్యమును ఉన్నదున్నట్లు అంగీకరించుటయు, పరదేశీయుని నింద యని త్రోసివేయుటయు రెండును సరికావు. మాంసము, అన్నము, వెన్న, పాలు అనునవి కౌటిల్యుని పట్టికలోనివే. కావున యాత్రికులు కల్పించి వ్రాయలేదు. ఎండుదేశములలో యవలు, గడ్డి తిని పెరిగి, ఓడలో వారములకొలది నలిగి వచ్చిన గుఱ్ఱమునకు దిగినవెంటనే పిండిపదార్థము నిండిన వండిన అన్నము పెట్టినచో ప్రేగులు తట్టుకొనకపోవుట సహజము. అయినను మరణములన్నిటిని అన్నముమీద వేయుట తగదు. తేమతో కూడిన ఎండ, ఈగలు ప్రాకించు సుర్రా వంటి రోగములు, పనివారి అనభిజ్ఞత — ఇవన్నియు కలిసియుండును. వర్తకులు గుఱ్ఱపు వైద్యులను అక్కడికి పోనీయకుండిరనియు, గుఱ్ఱములు చచ్చుటయే వారికి లాభమనియు పోలోయే చెప్పినాడు. ఇందు తేలు నీతి ఒక్కటి : విధిలోని పదార్థములు మిగిలి, విధిలోని గడ్డియు కొలతయు వైద్యుడును జారిపోయినప్పుడు, శాస్త్రము పేరనే పశువు చచ్చును.

అక్బరు సాలలోని కొలత

16వ శతాబ్ది చివర అబుల్ ఫజలు వ్రాసిన ఐనీ అక్బరీలోని దాణాలెక్క ఈ సందర్భమున పోల్చి చూడదగినది. రాజు స్వంత గుఱ్ఱమునకు పూర్వము 28 దాముల తూకముగల శేరుతో ఎనిమిది శేర్లు ఇచ్చెడివారు. శేరు 30 దాములకు పెంచిన పిమ్మట ఏడున్నర శేర్లు ఇచ్చిరి. హెచ్చవేసి చూచినచో మొదటిది 224 దాములు, రెండవది 225. కొలపాత్ర మాఱినను గుఱ్ఱపు వంతు మాఱలేదు. దాణాను పాత్రతో కాక తూకముతో నిర్ణయింపవలెనను జ్ఞాన మిది. దాము సుమారు 21 గ్రాములు కాగా మొత్తము 4.7 కిలోలు. శీతకాలమున ఉడికించిన శనగలు, వేసవిలో పొడి గింజలు. పచ్చగడ్డి దొరకనప్పుడు ఎండుగడ్డికి ప్రత్యేకముగా రోజునకు రెండు దాముల పైకము. ఇచటను పిండి, చక్కెర, నేయి లేకపోలేదు. కాని గింజ మితము, గడ్డికి ఖర్చు విడిగా వ్రాయబడినది. నిర్వహణ విషయమున ఇది కౌటిలీయముకంటె స్పష్టమైన లెక్క.

ఉలవల విజ్ఞత

శాస్త్రగ్రంథములలో కన్న సామాన్యుల వాడుకలో దాగిన విజ్ఞత వేఱొకటి కలదు. దక్షిణదేశమున గుఱ్ఱపు దాణా యనగా ఉలవలే. సంస్కృతమున కులత్థము, కన్నడమున హురుళి, అరవమున కొళ్ళు, మరాఠీలో కుళీథ్, ఒడియాలో కొళథ — తెలుగువారు స్థిరపడిన ప్రతి సీమలోను ఈ గింజకు ఒక పేరు కలదు. ఇంగ్లీషువారు దీనిని గుఱ్ఱము పేరనే పిలిచిరి. ఉత్తరదేశమున గుఱ్ఱమునకు శనగలను నానబెట్టియో దంచియో పెట్టుచుండగా, చెన్నరాజధానిలో ఉలవలను గుగ్గిళ్లుగా ఉడికించియే పెట్టెడివారు. ఇది వట్టి అలవాటు కాదు. పచ్చి ఉలవలలో మాంసకృత్తుల జీర్ణమును అడ్డగించు పదార్థములు కలవు. ఉడికించినచో అవి చాలవఱకు నశించును.

ఉలవలలో నూటికి ఇంచుమించు 22 పాళ్లు మాంసకృత్తులు. అంతకంటె ముఖ్యమైనది అందలి ఖటికమునకును భాస్వరమునకును గల నిష్పత్తి. గుఱ్ఱపు ఆహారమున ఖటికము భాస్వరమునకు తక్కువ కారాదు. ఒకటిన్నర రెట్లుండుట మేలు. యవలు, ఓట్సు, గోధుమలు, వీని తవుళ్లు — అన్నిటిలో భాస్వరమే అధికము. ఉలవలలో మాత్రము రెండును దాదాపు సమానము. నూఱు గ్రాములలో 270 మిల్లీగ్రాముల ఖటికము, 300 మిల్లీగ్రాముల భాస్వరము. తవుడు చవకయని దినదినము బకెట్లకొలది పెట్టినచో, రక్తమున తగ్గిన ఖటికమును శరీరము ఎముకలనుండి తోడుకొనును. దవడ యెముకలు మెత్తబడి ఉబ్బి ముఖము పెద్దదగును, కాళ్లు కుంటుబడును. తవుడు తినిపించువారి గుఱ్ఱములకు వచ్చునదగుటచే పూర్వము దీనికి తవుడు రోగమనియే పేరుండెను. నేపియరు వంటి గడ్డిలోని ఆగ్జలేటు అను పదార్థము ఖటికమును బంధించి ఇట్టి హానినే చేయును. పాడిపశువునకు మంచిదైన గడ్డి గుఱ్ఱమునకు మంచిదని భావింపరాదు. దీనికి విరుగుడు లూసర్న్ మేత. అందు ఖటికము సమృద్ధి. అరవమున దానిని కుదిరై మసాల్ అనియు, కన్నడమున కుదురె మసాలె అనియు గుఱ్ఱము పేరనే పిలుచుట, ఆ మేతకును ఈ పశువునకును గల చెలిమికి గుర్తు.

సమతుల్యాహారము : ఒక ఉదాహరణ

ఇంతవఱకు చేసిన విమర్శ నిరుపయోగము కాకుండవలెనన్న, ఒక గుఱ్ఱమునకు నేడు లెక్క వేసి చూపవలెను. 400 కిలోల గుఱ్ఱము, దినము మధ్యమముగా శ్రమించునది. అమెరికా జాతీయ పరిశోధనా మండలి 2007లో ప్రకటించిన ప్రమాణములనుబట్టి దీనికి 18.6 మెగాకెలరీల శక్తియు, 614 గ్రాముల మాంసకృత్తులును, 28 గ్రాముల ఖటికమును, 17 గ్రాముల భాస్వరమును కావలెను.

మొదట గడ్డి. మంచి గరికగడ్డి ఎండినది ఆఱున్నర కిలోలు. దీనివలన 12 మెగాకెలరీలకు పైగా శక్తియు, సుమారు 455 గ్రాముల మాంసకృత్తులును, 26 గ్రాముల ఖటికమును లభించును. అనగా కావలసినదానిలో మూడింట రెండు వంతులు గడ్డితోనే తీఱినది. మిగిలిన ఆఱు మెగాకెలరీలకు గింజలు రెండు కిలోలు చాలును : యవలు ఒకటింబావు, ఉలవలు ముప్పావు, ఉలవల తూకము ఉడికింపకముందుది. వీనితో మాంసకృత్తులు 750 గ్రాములకు చేరును; ఖటికము 28, భాస్వరము 20 గ్రాములకు దరిదాపు. నిష్పత్తి ఒకటిన్నరకు సమీపమున కుదిరినది. ఉప్పు విడిగా ఉంచి, నీరు ఎల్లవేళల అందుబాటున నుంచవలెను. రెండు కిలోల గింజలను రెండు మూడు పూటలుగా పంచినచో ఏ పూటయు పిండిపదార్థము హద్దు దాటదు. శ్రమ లేని దినమున మొదట తగ్గింపవలసినది గింజ, గడ్డి కాదు.

ఇదే గుఱ్ఱమునకు వరిగడ్డియు రెండు కిలోల వరితవుడును పెట్టినచో కడుపు నిండినట్లే తోచును. కాని తవుడుతోనే భాస్వరము 30 గ్రాములు దాటును, ఖటికము ఒకటి రెండు గ్రాములైనను రాదు. కడుపు నిండుట వేఱు, పోషణ వేఱు అనుటకు ఇంతకంటె నిదర్శన మక్కఱలేదు. ఈ అంకెలు గడ్డి నాణ్యముతో మాఱును. కావున లెక్క వేసిన పిమ్మట కూడ ప్రక్కటెముకలను తడిమి చూచుట తప్పదు; కౌటిల్యుడు వైద్యునికి చెప్పినది ఇదియే.

ఉపసంహారము

గుఱ్ఱము యుద్ధమునుండి తొలగినది. జట్కాబండ్లు వీథులనుండి దాదాపు మాయమైనవి. అయినను దాని బ్రతుకు తీఱిపోలేదు. ఈరోడు జిల్లా అందియూరు గురునాథస్వామి తిరునాళ్లలోను, నందుర్బారు జిల్లా సారంగఖేడా దత్తజయంతి సంతలోను నేటికిని గుఱ్ఱములు అమ్ముడుపోవుచున్నవి. మాథేరాను కొండపై అవి మనుష్యులను మోయుచున్నవి. మైసూరున టాంగాలను లాగుచున్నవి. పెండ్లి ఊరేగింపులలో వరుని నెక్కించుకొనుచున్నవి. సంతకు తెచ్చిన గుఱ్ఱమునకు మెఱుపు వచ్చునని పాలు, నేయి దట్టముగా పట్టించువారును, పెండ్లిగుఱ్ఱమునకు దొరికినదెల్ల పెట్టి గడ్డి మఱచువారును ఉన్నారు. ప్రేమతో పెట్టినదైనను, ప్రదర్శనకు పెట్టినదైనను, కొలత తప్పిన గింజ చేయు హాని ఒక్కటే. రాత్రి శూలతో నేలబడి పొరలు పశువునకు పూర్వుల వైభవము ఊఱట కాదు.

ప్రాచీన అశ్వశాస్త్రము అంధముగా అనుసరింపదగినది కాదు. అపహాస్యము చేయదగినదియు కాదు. మాంసమును మద్యమును ఆడుగుఱ్ఱమునకు చెప్పిన కోతను విడువవచ్చును. మెట్లు మెట్లుగా పెంచు లెక్కను, ఋతువునకు తగిన మార్పును, వేయి పలముల పచ్చిమేతను విడువరాదు. ఆ ప్రకరణమును ఇకపై ఉదాహరించువారు రెండు ద్రోణముల గింజనుగూర్చి చెప్పి ఊరకుండక, దాని క్రిందనున్న అర్ధభారపు గడ్డిని కూడ చదివి వినిపించినచో, గ్రంథకర్తకును గుఱ్ఱమునకును న్యాయము చేసినవారగుదురు.